మా రోజుల్లో రీలుకి 36

ఇప్పటి కెమెరాలు సెకనుకి 120 బొమ్మలు తీస్తున్నాయి. 2023 చివర్లో సోనీ కంపెనీ ప్రకటించిన ఏ9 త్రీ అలాంటిదే. పైగా మీట పూర్తిగా నొక్కకముందు ఎదురుగా జరిగినదాన్ని కూడా పట్టి ఉంచి చేతికిస్తుంది. బంతి బ్యాటుకి తగలడం కళ్ళారా చూశాక వేలు కదిపినా సరే, తగిలిన క్షణం కార్డులో భద్రంగా ఉంటుంది. గొప్ప యంత్రమే, కాదనను. కానీ దాన్ని పట్టుకున్న మనిషికి ఆట తెలియాల్సిన అవసరం లేకుండా పోయింది. నా బాధంతా అదే.

మా రోజుల్లో రీలుకి 36. మోటార్ డ్రైవ్ తగిలించిన నికాన్ ఎఫ్3 మీద వేలు నొక్కి ఉంచామా, పది సెకన్లు తిరక్కుండానే రీలు ఖాళీ. ఖాళీ రీలు తీసి కొత్తది ఎక్కించేలోపు మైదానంలో ఏం జరిగినా అది మనది కాదు. అందుకని వేలు అదుపులో పెట్టుకునేవాళ్ళం. ఎప్పుడు నొక్కాలో తెలియాలంటే తర్వాత ఏం జరగబోతోందో తెలియాలి. అది తెలియడానికి ఏళ్ళు పట్టేది. ఆ ఏళ్ళకే మాకు జీతం ఇచ్చేవారు.

నేను గుంటూరు జిల్లా వాణ్ణి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, డర్హమ్ పట్టణంలో, 1980ల నుంచి పత్రికకి ఫొటోలు తీసి బతికాను. ఎండాకాలం రాత్రులు బేస్‌బాల్, వారాంతాల్లో ఊళ్ళో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. గుంటూరు నుంచి వచ్చినవాడికి డర్హమ్ పరాయి ఊరు అనిపించదు. రెండూ పొగాకు మీద బతికిన ఊళ్ళే. మన దగ్గర బ్యారన్లలో కాల్చే వర్జీనియా ఆకుకి పుట్టిల్లు ఈ ప్రాంతమే. ఆకుని పచ్చటి పసుపుగా ఆరబెట్టే కిటుకు 1839లో ఇక్కడికి దగ్గర్లోని కాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ అనే బానిస చేతిలో పుట్టిందని చెబుతారు. పొగాకు బోర్డు గుంటూరులో పెట్టింది 1976లో. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీస్తే ఆ తీపి వాసనకి మా ఊరి గ్రేడింగ్ షెడ్లు గుర్తుకొచ్చేవి.

ఈ ఊరి సంగీతానికీ పొగాకే ఆధారం. వేలం రోజుల్లో రైతులు ఆకు అమ్ముకుని డబ్బు చేతబట్టుకుని గోడౌన్ల నుంచి బయటికొచ్చేవారు. వాళ్ళ ముందు నల్లజాతి పాటగాళ్ళు గిటార్లు వాయించి నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు. బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అలా వాయించినవాడే. 1941లో ఈ ఊళ్ళోనే పోయాడు. బొటనవేలు మంద్రపు తీగల మీద నడక నడిపిస్తుంటే మిగతా వేళ్ళు సన్న తీగల మీద పాట పలికిస్తాయి, ఒక్క మనిషే ఇద్దరు వాయించినట్టు వినపడుతుంది. పీడ్‌మాంట్ బ్లూస్ అంటారు దాన్ని. ఫుల్లర్ కాలం నాది కాదు. కానీ ఆ బాణీ చేతిలో ఉన్నవాళ్ళు నా రోజుల్లో ఇంకా మిగిలి ఉన్నారు. వాళ్ళని తీసే భాగ్యం నాకు దక్కింది.

ముందు ఆట సంగతి చెబుతాను. డర్హమ్ బుల్స్ అని ఇక్కడొక జట్టు. పెద్ద లీగు జట్లు తమ కుర్రాళ్ళని ఇలాంటి చిన్న ఊళ్ళ జట్లలో ఉంచి తయారు చేస్తాయి. 1970లలో చాలా ఏళ్ళు ఊళ్ళో ఆటే లేదు. 1980లో అట్లాంటా బ్రేవ్స్ వారి పిల్లజట్టుగా బుల్స్ మళ్ళీ వచ్చింది. ఆడింది డర్హమ్ అథ్లెటిక్ పార్కులో. 1926లో కట్టి, 1939లో కాలిపోతే మళ్ళీ లేపిన మైదానం అది. బురుజులాంటి టికెట్ల గది, రేకుల కప్పు, చెక్క బెంచీలు. కెవిన్ కోస్ట్‌నర్ నటించిన బుల్ డర్హమ్ సినిమా అక్కడే తీశారు. 1988లో ఆ సినిమా వచ్చాక దేశమంతా ఆ మైదానాన్ని చూడ్డానికి వచ్చింది. మేం మాత్రం అంతకు ముందునుంచీ అక్కడే ఉన్నాం.

ఆ మైదానంలో దీపాలు మసక. రాత్రి ఆటకి ట్రై-ఎక్స్ ఫిల్ము వేసేవాళ్ళం. దాని వేగం 400. మాకు చాలదు గనక 1600 అనుకుని తీసి, ఇంటికొచ్చాక డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి కడిగేవాళ్ళం. బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకు వచ్చేది. అయినా ముఖం ముఖంలాగే ఉండేది. ఫోకస్ చేత్తో తిప్పాలి. పరుగెత్తే మనిషి వెంట ఫోకస్ తిప్పుతూ పోవడం చాలా కష్టం. అందుకని మనిషి ఎక్కడికి వస్తాడో అక్కడ ముందే ఫోకస్ పెట్టి కాచుకునేవాళ్ళం.

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఒక ఉదాహరణ చెబుతాను. మొదటి బేస్ మీద ఒక రన్నర్ ఉన్నాడు, అప్పటికి ఒకడే ఔటయ్యాడు. బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టాడనుకోండి. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ దాన్ని అందుకుని రెండో బేస్ దగ్గరున్న తమవాడికి విసురుతాడు. అతను బేస్ తొక్కి, కాళ్ళ మీదికి జారుకుంటూ వస్తున్న రన్నర్ పైనుంచి ఎగిరి, గాల్లో ఉండగానే మొదటి బేస్‌కి విసురుతాడు. ఒక్క బంతికి ఇద్దరు ఔట్. డబుల్ ప్లే అంటారు. బేస్‌బాల్లో దానంత అందమైన బొమ్మ ఇంకోటి లేదు. అది కావాలంటే ఫొటోగ్రాఫర్ బంతి పడకముందే లెక్క వేసుకోవాలి. రన్నర్ ఉన్నాడా? ఎంతమంది ఔటయ్యారు? ఈ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, దాన్ని కిందికి దించే రకమా? బ్యాటర్ నేలబారుగా కొట్టే అలవాటున్నవాడా? అన్నీ కుదిరితే, అందరూ పిచ్చర్‌ని చూస్తున్నప్పుడు నేను ఖాళీగా ఉన్న రెండో బేస్ మీద ఫోకస్ పెట్టి కూర్చునేవాణ్ణి. కుదిరితే మూడు ఫ్రేములు. కుదరకపోతే రీలు మిగిలేది.

ఆట ముగిసేదాకా ఆగడానికీ వీల్లేదు. ఐదో ఆరో ఇన్నింగ్స్ కాగానే పత్రికాఫీసుకి పరుగు. చీకటి గదిలో రీలు విప్పి, డెవలపర్, స్టాప్ బాత్, హైపో, నీళ్ళు. ఇంకా తడిగా ఉన్న నెగెటివ్‌నే ఎన్‌లార్జర్‌లో పెట్టి ప్రింటు వేసేవాళ్ళం. ప్రింటు వెనక పెన్సిల్‌తో ఆటగాడి పేరు, ఎదుటి జట్టు, తేదీ, ఇన్నింగ్స్. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా మర్నాడు పొద్దున్నే ఆ కుర్రాడి తల్లి ఎక్కడో జార్జియా నుంచి ఫోన్ చేసేది. చేయాలి కూడా. పిల్లవాడి బొమ్మ పత్రికలో పడటం ఆ ఇంట్లో పండగ.

ఇప్పుడు బుల్స్ ఆడేది 1995లో కట్టిన కొత్త స్టేడియంలో. దీపాలు పట్టపగలు చేస్తాయి. సీట్లు మెత్తన. ప్రేక్షకుల ముందు వల కట్టారు. ఎంతోమంది కళ్ళూ తలలూ కాపాడింది ఆ వల, దాన్ని ఒక్క మాట అనను. రన్నర్ ఎదుటివాడి కాళ్ళు విరగ్గొట్టేలా దూకకూడదని 2016లో పెద్ద లీగువారు పెట్టిన నియమాన్నీ అనను. నేను గొణిగేది గడియారం గురించి. ఇప్పుడు ఈ ఊరి జట్టు ఆడే, పెద్ద లీగుకి ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్ ఏ స్థాయిలో 2015లో, పెద్ద లీగులో 2023లో పిచ్చర్‌కి గడియారం పెట్టారు. బంతికీ బంతికీ మధ్య అతనికి సెకన్లు లెక్కకట్టి ఇస్తారు. ఆట అరగంట దాకా తగ్గిందని అందరూ సంబరపడ్డారు. తగ్గిన ఆ అరగంటలోనే నా బొమ్మలుండేవి. పిచ్చర్ దిబ్బ దిగి, చేతిపట్టు కోసం ఉంచే రోసిన్ పొడి సంచి ఎగరేసి, టోపీ సర్దుకుని, ఆకాశం వైపో బ్యాటర్ వైపో చూసే చూపు. భయం, మొండితనం, ఇల్లు గుర్తుకు రావడం, అన్నీ ఆ విరామంలోనే ముఖం మీదికొచ్చేవి. ఇప్పుడా ముఖం గడియారాన్ని చూస్తోంది.

అంపైర్‌తో పోట్లాటలూ పోయాయి. మేనేజర్ టోపీ నేలకేసి కొట్టి, హోం ప్లేటు మీద బూటుతో మట్టి పోయడం మాకు మొదటి పేజీ బొమ్మ. 2014 నుంచి పెద్ద లీగులో చాలా తీర్పులకి టీవీ రిప్లే వచ్చింది. 2023లో ట్రిపుల్ ఏ మైదానాలన్నిట్లో బంతి సరైన చోట పడిందా లేదా, అంటే స్ట్రైకా బాలా అని, తేల్చడానికి యంత్రాన్ని కూడా వాడటం మొదలెట్టారు. న్యాయం పెరిగింది, సరే. కానీ మనుషులు మనుషులతో తగువు పడటం చూడ్డానికి కూడా జనం వచ్చేవారు. ఆ సంగతి ఆట నడిపేవాళ్ళు మరిచిపోయారు.

ఇక పాటగాళ్ళు. ఆ పాత మైదానంలోనే బుల్ డర్హమ్ బ్లూస్ పండగ జరిపేవారు. మేం బంతి కోసం కాచుకున్న గడ్డి మీదే నిలబడి గిటార్ల కోసం కాచుకునేవాళ్ళం. నాకైతే రెండూ ఒకటే పని. బ్లూస్ పాటలో ఒక చరణం పాడి ఆగుతారు, గిటార్ బదులు చెబుతుంది. అదే చరణం మళ్ళీ పాడతారు, మళ్ళీ బదులు. మూడోసారి జవాబు లాంటి చరణం. పాడుతున్నప్పుడు మైకు నోటికి అడ్డం, నీడ కళ్ళకి అడ్డం. గిటార్ బదులు చెప్పేటప్పుడు పాటగాడు మైకు నుంచి అరడుగు వెనక్కి జరుగుతాడు. అప్పుడు ముఖం తెరుచుకుంటుంది. తాను పాడినదాన్ని తానే వింటున్న ముఖం అది. పాట కట్టు తెలిసినవాడు ఆ అరడుగు కోసం ఆగుతాడు. తెలియనివాడు మైకుని ఫొటో తీసుకుని ఇంటికెళ్తాడు.

జాన్ డీ హోల్‌మన్ పేరు తెలుగువాళ్ళలో ఎంతమంది విని ఉంటారో తెలియదు. పుట్టింది పక్కనున్న హిల్స్‌బరో వైపు, 1929లో. 1954 నుంచి డర్హమ్ వాసి. పగలు కట్టుబడి పనుల్లో పెద్ద యంత్రాలు నడిపేవాడు. రాత్రి గిటార్ పట్టుకుంటే ఫుల్లర్ కాలం బాణీ ఆ చేతుల్లో పలికేది. గిటార్ పక్కన పెట్టి కాళ్ళతో తాళం వేసే బక్ నాట్యం కూడా చేసేవాడు. 1988లో ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే జాతీయ గౌరవం అందుకున్నాడు. 2021లో పోయాడు. జాన్‌స్టన్ కౌంటీలో ఆల్జియా మే హింటన్ అనే ఆవిడ ఉండేది. గిటార్‌ని తల వెనక పెట్టుకుని వాయిస్తూ అడుగులు వేసేది. చేతుల్ని పట్టుకుంటే కాళ్ళు తప్పిపోయేవి, కాళ్ళని పట్టుకుంటే ముఖం. కొంచెం వెనక్కి జరిగి, వంగి, పాదం నేల తాకబోయే ముందు నొక్కాలి.

మెబేన్ ఊళ్ళో జో థామ్సన్ ఉండేవాడు. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళ దగ్గర ఫిడేలు నేర్చి, చాలా ఏళ్ళు ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. నల్లవాళ్ళ ఫిడేలు, బాంజో మేళాలు దాదాపు అంతరించిన కాలంలో ఆ పాటలు ఆయన చేతుల్లో మిగిలాయి. రయానన్ గిడెన్స్, ఆమె స్నేహితులు ఆయన ఇంటికెళ్ళి నేర్చుకుని కరోలినా చాకొలేట్ డ్రాప్స్ అనే మేళం కట్టారు. 2011లో గ్రామీ కూడా గెలిచారు. ఆయన 2012లో పోయాడు. ఇలాంటివాళ్ళని తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు వాళ్ళింటికెళ్ళి వరండాలో కూర్చుని, పెట్టింది తిని, పాట విని, ఆ తర్వాతెప్పుడో కెమెరా బయటికి తీసేవాళ్ళం. తీసిన ప్రింటు ఒకటి పట్టుకెళ్ళి ఇవ్వడం మా ధర్మం. ఇవ్వకపోతే ఆ గడప మళ్ళీ ఎక్కలేం.

ఇప్పుడు కచేరీకి వెళ్తే మొదటి మూడు పాటలకే అనుమతి, ఫ్లాష్ వాడకూడదు, తర్వాత బయటికి నడవండి అంటారు. మూడో పాటకి ఏ గాయకుడి గొంతూ వేడెక్కదు, ఏ ముఖమూ తెరుచుకోదు. ఒక ఊరూపేరూ లేని మేళం మేనేజర్ ఈమధ్య నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. తీసిన బొమ్మల మీద హక్కులన్నీ వాళ్ళవేనట, నేను ఎక్కడా వాడకూడదట. సంతకం పెట్టకుండా ఇంటికొచ్చేశాను. అడగ్గానే పెట్టే కుర్రాళ్ళున్నారు గనకే ఆ కాగితాలు పుడుతున్నాయి. వేదిక మీద దీపాలు మరీ అన్యాయం. ఆ ఊదా, నీలం ఎల్‌ఈడీ వెలుగులో మనిషి చర్మం చర్మంలా కనపడదు. పాత పసుపు బల్బు ఒక్కటి చాలేది ముఖంలో ప్రాణం చూపించడానికి.

పోయిన ఎండాకాలం బుల్స్ ఆటలో మన కుర్రాడొకడు కనిపించాడు. పక్కనున్న మారిస్‌విల్‌లో ఉంటాడట, సాఫ్ట్‌వేరు. మెళ్ళో ఖరీదైన కెమెరా. నా మాట తీరు విని, "మీది గుంటూరా బాబాయ్ గారూ?" అన్నాడు. మర్యాదస్థుడు. ఆ రాత్రి తీసినవి చూపించాడు. నాలుగు వేలు పైన ఉన్నాయి. అందులో ఒక డబుల్ ప్లే బొమ్మ ఉంది, రెండో బేస్ మీద గాల్లో ఉన్న కుర్రాడు, కింద ఎర్రమట్టి ఎగసి, బంతి వేళ్ళ నుంచి అప్పుడే విడిపడుతూ. నేను జీవితంలో తీసిన ఏ డబుల్ ప్లే కన్నా స్పష్టంగా ఉంది.

"ఎవరు నాయనా ఈ అబ్బాయి?" అన్నాను.

"తెలీదు బాబాయ్ గారూ. నంబరు చూసి వెతకొచ్చు."

"వెతికావా?"

"ఇంకా లేదు."

వాడు వెతకడు. నాలుగు వేల బొమ్మల్లో ఏ ఒక్కటీ పేరు కోసం ఆగదు, మర్నాడు ఇంకో నాలుగు వేలు వస్తాయి. 1992లో పాత మైదానంలో ఇరవయ్యేళ్ళ చిపర్ జోన్స్ షార్ట్‌స్టాప్‌గా ఆడాడు. 2018లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. అతని బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. అతని పక్కన రెండో బేస్ మీద ఎగిరి, పెద్ద లీగు గుమ్మం తొక్కకుండానే ఇంటికెళ్ళిపోయిన కుర్రాళ్ళ మాటేమిటి? వాళ్ళలో చాలామందికి ఆ ఎండాకాలమే జీవితంలో పెద్ద ఘట్టం. దానికి రుజువు ప్రింటు వెనక మా పెన్సిల్ రాత.

ఆ ప్రింట్లు మాత్రం ఏమయ్యాయి? నేను పనిచేసిన పత్రిక భవనం మారినప్పుడు నెగెటివ్ పెట్టెలు కొన్ని చెత్త బండి ఎక్కాయి. ఎవరినీ అడగలేదు, మాకు చెప్పలేదు. పెన్సిల్ రాతలతో సహా పోయాయి. ఆ తర్వాత ఫొటోగ్రాఫర్లు కూడా పోయారు, ఒక్క మా ఊళ్ళోనే కాదు. 2013లో షికాగో సన్-టైమ్స్ పత్రిక ఫొటోగ్రాఫర్లందరినీ ఒకేరోజు తీసేసింది. పులిట్జర్ బహుమతి గ్రహీత జాన్ వైట్ కూడా వాళ్ళలో ఉన్నాడు. విలేకరుల చేతికి ఫోన్లిచ్చి బొమ్మలు తీయమన్నారు. 2021లో పెద్ద లీగువారు తమ కింద ఉన్న పిల్లజట్లని 160 నుంచి 120కి తగ్గించారు. మాకు గంట దూరంలోపు ఉన్న బర్లింగ్టన్ అలా జాబితా నుంచి పోయింది. ఇప్పుడక్కడ ఎండాకాలం కాలేజీ కుర్రాళ్ళు ఆడుకుంటారు. ఆట ఉంది, జనం ఉన్నారు, అందరి జేబుల్లో ఫోన్లున్నాయి. ఆ కుర్రాళ్ళ పేర్లతో, తేదీలతో, వరసగా ఎండాకాలమంతా రాసిపెట్టే జీతగాడు లేడు.

కొత్త కెమెరాలు వద్దని నేను అనడం లేదు. ఈ కళ్ళకి ఇప్పుడు వాటి ఫోకసే దిక్కు. జీతమిచ్చి ఒక మనిషిని ప్రతి రాత్రీ అక్కడ ఉంచడం మానేసినవాళ్ళ మీద నా కోపం. ప్రతి రాత్రీ ఉన్నవాడికే ఏ పిచ్చర్ భుజం నొప్పి దాస్తున్నాడో, ఏ ముసలి గిటార్ వాయిద్యగాడు ఈ ఏడుతో ఆపేస్తాడో తెలుస్తుంది. అప్పుడప్పుడూ వచ్చేవాడికి ఎంత పెద్ద యంత్రమున్నా తెలియదు.

ఇప్పుడు మా పక్క ఊళ్ళు కేరీ, మారిస్‌విల్ నిండా మనవాళ్ళే. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైనప్పుడు మారిస్‌విల్‌లోని చర్చ్ స్ట్రీట్ పార్కులో కూడా మ్యాచ్‌లు పెట్టారు. ఆ మైదానంలోనే మామూలు శనివారాల్లో మన పిల్లలు ఆడతారు. గుళ్ళో సంకీర్తనలు పాడే ఆడవాళ్ళున్నారు, మృదంగం వాయించే పెద్దాయనలున్నారు, ఉగాదికి పాట కట్టేవాళ్ళున్నారు. వాళ్ళ బొమ్మలు వేలకొద్దీ ఫోన్లలో పడి ఉన్నాయి. ఒక్కదాని కిందా పేరు లేదు. మా ఊరి పాటగాళ్ళకి పట్టిన గతే వాళ్ళకీ పట్టబోతోంది, నలభై ఏళ్ళు ఆగక్కర్లేదు.

కాబట్టి కెమెరా ఉన్న మీ అందరికీ ఒక మాట. ఒక జట్టునో ఒక పాటగాణ్ణో ఎంచుకోండి. ఏడాది పొడవునా వెళ్ళండి. వెళ్ళినప్పుడల్లా పది బొమ్మలే ఉంచుకుని మిగతావి చెరిపేయండి. ఆ పదింటికీ పేరు, ఊరు, తేదీ తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయండి. ప్రింటు వేసి ఒకటి ఆ మనిషికివ్వండి. మిగతావి డర్హమ్ కౌంటీ గ్రంథాలయం వారి నార్త్ కరోలినా విభాగానికో, చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలోని సదరన్ ఫోక్‌లైఫ్ కలెక్షన్‌కో చూపించండి. ఇలాంటివాటిని దాచడమే వాళ్ళ పని. ఇంట్లో పాత నెగెటివ్‌లుంటే వాటినీ పట్టుకెళ్ళండి, వెనక పేర్లు రాయగలిగినవాళ్ళు బతికుండగానే.